కొంగుకు రాసే మందు

చింతామణి బజారు వీధిలో హనుమంతరాయ డాక్టరు దగ్గర మందు కంటే ముందు మాట పడేది. రోగి నవ్వితే సగం రోగం అక్కడే పోతుందని ఆయన నమ్మకం. అందుకే ఆయన మందు సీసాలు సగమే నింపుతాడని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. ఆ మాటను కూడా ఆయనే నలుగురికీ చెప్పి నవ్వేవాడు. గొంతు పెద్దది. లోపలి గదిలో ఒకరికి చెప్పిన రోగం బయట బెంచీ మీద కూర్చున్న అందరికీ తెలిసిపోయేది. బెంచీకి అదొక రేడియో.

ఆ ఉదయం బెల్లం మండీ శ్రీరామయ్య గడ్డం కింద సెగగడ్డతో వచ్చాడు. డాక్టరు అతని తల పైకెత్తించి, గడ్డ చుట్టూ వేలితో నొక్కి చూశాడు. మధ్యలో మెత్తబడింది. కోయడానికి అదే అదను.

"గడ్డం కింద గడ్డ. గడ్డు సమస్యే శ్రీరామయ్యా. కదలొద్దు."

శ్రీరామయ్య నవ్వడానికి నోరు తెరిచేలోగా కత్తి పని అయిపోయింది. ఆ నోరు నవ్వుకు బదులు కేకకు పనికి వచ్చింది. కాంపౌండరు పిళ్ళప్ప చీము పట్టిన పళ్ళెం తీసి, గుడ్డ మడిచి అందించాడు. పిళ్ళప్ప నవ్వగా ఎవరూ చూడలేదు. "ఇంతమందికి రోగం కుదిర్చినాను గాని వీడి మూతి కుదర్చలేకపోయినాను" అని డాక్టరు రోజుకొకసారైనా అనేవాడు.

తర్వాత విరేచనాలు పట్టుకున్న చంటిబిడ్డ. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. ముడత నిలవకుండా వెంటనే సర్దుకుంది. "నీళ్ళు ఇంకా ఉండాయి లోపల. ఉప్పేసిన గంజి తాపుతా ఉండమ్మా, కొంచెం కొంచెం. పాలు మానొద్దు" అన్నాడు.

అంతలో బెంచీ మీదివాళ్ళు తమంతట తామే లేచి దారి ఇచ్చారు. సాదలి పల్లె నుంచి తొలి బస్సులో ముగ్గురు వచ్చారు. ముందు చిక్కమ్మ, ఆ ఇంటి పెద్ద. వెనక ఆమె కొడుకు గంగప్ప. అతని భుజం పట్టుకుని అతని భార్య మునిరత్నమ్మ. ఆ పిల్ల బల్ల మీద పడుకోలేకపోయింది. అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఊని, ముందుకు వంగింది. ఊపిరి లోపలికి గబుక్కున పోతోంది, బయటికి మాత్రం సన్నగా ఈల వేసుకుంటూ, వచ్చేదా మానేదా అన్నట్టు వస్తోంది. మెడకు రెండు పక్కలా కండలు తాళ్ళలా లేచి పడుతున్నాయి.

"పేరేందమ్మా?"

"ముని..." అని ఆగిపోయింది.

"సగం పేరు చాలు తల్లీ. మిగతాది సూది వేసినాక చెబుదువు."

నోరు నవ్వుతోంది గాని చేతులు నవ్వడం లేదు. పాదాలు నొక్కి చూశాడు. గుంట పడలేదు. గుండె జబ్బు కాదు. ఒంట్లో వేడి లేదు. కఫంలో నెత్తురు ఎప్పుడైనా పడిందా అని అడిగితే గంగప్ప లేదన్నాడు. వీపు మీద స్టెతస్కోపు ఎక్కడ పెట్టినా పిల్లనగ్రోవులే. పిళ్ళప్ప అప్పటికే స్పిరిటు దీపం మీద సిరంజి మరిగించి ఉంచాడు. అడ్రినలిన్ మందు పై చేతి చర్మం కింద కొద్దికొద్దిగా ఎక్కించి, ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు డాక్టరు. కాసేపటికి చెవుల దాకా లేచి ఉన్న భుజాలు దిగాయి. ఈల పలచబడింది. వేళ్ళు వణికాయి. అది మందు వణుకు, భయం లేదు.

"...రత్నమ్మ" అంది ఆమె, పేరు పూర్తి చేస్తూ.

"బిరీన పంపించు డాక్టరప్పా. ఇంట్లో నాలుగో జ్వరం లేసిండాది" అంది చిక్కమ్మ.

"నాలుగు జ్వరాలా! ఎవరికమ్మా పాపం?"

"పురుగులకప్పా!"

బెంచీ నవ్వింది. రేష్మె పురుగు, అంటే పట్టుపురుగు, చర్మం మార్చుకోవడానికి తినడం మాని పడుకుంటే ఆ పల్లెల్లో జ్వరం వచ్చిందంటారు. డాక్టరుకు అది తెలియక కాదు, తెలిసే అడిగాడు. నాలుగో జ్వరం లేచిన పురుగు గూడు కట్టేదాకా ఆగకుండా మేస్తుంది. ఇంట్లో ఉన్న చేతులన్నీ చాలవు.

"పురుగు రోగానికైనా ఒక పద్ధతి ఉండాది" అంది చిక్కమ్మ. "ఈమె రోగం చూడప్పా. పురుగు పెద్దదైతేనే వస్తాది. గూళ్ళు మార్కెట్టుకు పోతానే మాయం. పోయిన పంటకూ అట్లే, దాని ముందర పంటకూ అట్లే. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కనాడు రాదు. ఇదేం రోగమో నువ్వే చెప్పు."

బెంచీ చెవులు నిక్కబొడుచుకుంది. అలాంటి అదను ఇస్తే హనుమంతరాయ వదులుతాడా?

"ఉబ్బసంలో రెండు రకాలు చిక్కమ్మా. చలికి వచ్చేది ఉబ్బసం. పనికి వచ్చేది పనుబ్బసం!"

బయట నవ్వు గోడలకు తగిలింది. కట్టు కట్టించుకుంటున్న శ్రీరామయ్య గడ్డం పట్టుకుని మరీ నవ్వాడు. చిక్కమ్మ నవ్వలేదు. తన వైపు సాక్షి చక్కగా చెప్పినప్పుడు కోర్టులో తల ఊపినట్టు ఊపింది. గంగప్ప నేల చూశాడు.

"నేను ఆటలాడేది లేదప్పా" అంది మునిరత్నమ్మ. వచ్చిన దగ్గర నుంచి ఆమె ఆగకుండా చెప్పగలిగిన మొదటి మాట అదే.

డాక్టరు విన్నాడు. కానీ అప్పటికే ఇంకొకరు చెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. రోజూ వేసుకునే మాత్రలు, దమ్ము లేచినప్పుడు నిప్పుల మీద వేసి పొగ పీల్చే పొడి డబ్బా ఒకటి ఇచ్చి వాళ్ళను పంపేశాడు.

*

మూడో రోజు మధ్యాహ్నం గంగప్ప ఒక్కడే వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు.

"బస్సు ఎక్కించేకి కాలేదు సార్. కూర్చోబెట్టినా ఆగల్లే. మీరే రావాల."

డాక్టరు సంచీ సర్దుకుని అదే బస్సు ఎక్కాడు. ముందు సీటు ఇచ్చారు. బస్సు ఊరు దాటగానే కండక్టరు మునికృష్ణప్ప వెనక నిలబడ్డ గంగప్పను పలకరించాడు.

"ఏం గంగప్పా, మీ ఇంట్లో పనుబ్బసం తగ్గెనా? మా ఇంట్లో గూడా అంటుకునిండాది. చీపురు చూస్తే చాలు, దమ్ము!"

బస్సంతా నవ్వింది. గంగప్ప కిటికీ బయటికి చూశాడు. మామూలుగా అయితే తన మాట ఇంకొకరి నోట విని హనుమంతరాయ పొంగిపోయేవాడు. ఈ జోకు తనకంటే ముందే, టిక్కెట్టు లేకుండా సాదలి చేరిందన్నమాట. ఒళ్ళో ఉన్న సంచీ బకిలును ఆయన తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

పట్టుపురుగుల ఇల్లు. పట్టు విడవని అత్త. ఇంటి గుమ్మంలో చిక్కమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"ఆడే నిలువు డాక్టరప్పా! నీ మీద ఆస్పత్రె వాసన. స్పిరిట్టు, ఇంకేమేమో. పురుగుకు పడదు. తిరగవాత వాసన తగుల్తాదని మేమే చప్పిడి పప్పు తింటాండాము."

"లోపల మనిషికి ఊపిరాడటం లేదు చిక్కమ్మా!"

"అరవద్దు. నువ్వు లోపలికి రావద్దంటి గాని, ఆమెను బయటికి తేవద్దంటినా? గంగప్పా, ఎత్తుకొని రా."

పెరట్లో నీడకు వేసిన చప్పరం కింద ఆమెను కూర్చోబెట్టారు. ఈసారి సగం పేరు కూడా రాలేదు. పెదవులు నేరేడు రంగు తిరిగాయి. డాక్టరు జోకు వేయలేదు. వేయాలని గుర్తు కూడా రాలేదు. ఒక సూది వేసి, నాడి చూస్తూ కూర్చుని, చాలక ఇంకొకటి వేశాడు. చప్పరం నీడ కొంచెం జరిగాక ఈల సన్నగిల్లింది. పెదవులకు రంగు వచ్చింది. మునిరత్నమ్మ కళ్ళు తెరిచి మొదట ఇంటి వైపు చూసింది.

"మేత పొద్దు దాటిపోయె" అంది.

"పొడి డబ్బా వాడినారా?" అని డాక్టరు అడిగాడు.

డబ్బా పశువుల కొట్టంలో, దూలం మీద ఉంది. మూత మీద చుట్టిన కాగితం కూడా చింపలేదు.

"పురుగింట్లో పొగ పెట్టేదా?" అంది చిక్కమ్మ. "మాత్రలు వేసుకునె. వాటికి వాసన లేదు కదా."

డాక్టరు లేచాడు. "నేను లోపల చూడాల."

"అయితే నీళ్ళు పోసుకో. సబ్బు వద్దు."

వేడి నీళ్ళు పోసుకుని, గంగప్ప పంచె కట్టుకుని, కోటూ చొక్కా లేకుండా హనుమంతరాయ గుమ్మం ముందు నిలబడ్డాడు. పాలు విరిగాయేమో చూసినట్టు చిక్కమ్మ ఆయన భుజం దగ్గర వాసన చూసింది.

"ఊ, రా. ఆ గొంతు గూడా కడుక్కొనింటే బాగుండు."

లోపల కిటికీలకు గోనె పట్టాలు. గోడల పొడుగునా అంచెలంచెలుగా వెదురు తట్టలు. వాన పడుతున్నట్టు సద్దు. అది పురుగులు ఆకు కొరికే సద్దు. వెనకాలే మునిరత్నమ్మ వచ్చేసింది. వద్దనేలోగా ఒక తట్ట కిందికి దించింది. కొత్త ఆకు పరిచి, పాత ఆకు మీది పురుగులను నొక్కకుండా, వేళ్ళ మీదికి అవే ఎక్కేటట్టు ఎత్తి అటు మార్చింది. ఆ వేళ్ళ తొందర పురుగులకు తెలియలేదు.

"నా చేతికి గూడా ఇట్ల ఒప్పవు" అంది చిక్కమ్మ, ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

మునిరత్నమ్మ పాత ఆకును తట్టతో సహా ఎత్తి గంపలోకి దులిపింది. ఎండిన ఈనెలు, నల్లటి పురుగు పెంట, వాటితో పాటు సన్నటి దుమ్ము. గోనెపట్టా సందులోంచి పడే వెలుతురులో అది లేచి, నెమ్మదిగా ఆమె ముఖం చుట్టూ తిరిగింది. డాక్టరుకు తుమ్ము వచ్చింది. ఆమె ఇంకో తట్ట దించింది. దులిపింది. గొంతు సవరించుకుంది. మూడో తట్టకు భుజాలు పైకి లేచాయి. వాన సద్దు మధ్యలోంచి సన్నటి ఈల వినిపించింది.

పురుగు పెద్దదైతేనే వస్తాది. గూళ్ళు మార్కెట్టుకు పోతానే మాయం. రోగం ఎక్కడి నుంచి వస్తోందో చిక్కమ్మ తన ఆస్పత్రిలోనే, తన బల్ల ముందే, తప్పు మోపుతూ పూర్తిగా చెప్పింది. దానికి తను ఇచ్చింది ఒక జోకు.

ఆమెను చప్పరం కిందికి తెచ్చి కూర్చోబెట్టాడు. గాలికి ఈల తనంతట తానే తగ్గింది.

"చిక్కమ్మా, ఇది పని దొంగతనం కాదు. ఆ దుమ్ము ఈమె రొమ్ముకు పడదు. పురుగు చిన్నప్పుడు పెంట తక్కువ, దుమ్మూ తక్కువ. పెద్దదైతే తట్టల నిండా అదే. ఈమె పురుగింట్లోకి పోరాదు."



"అంటే, బయట కూర్చోబెట్టమంటావా?" అంది చిక్కమ్మ. "పురుగింటి బయట ఎవరు కూర్చుంటారో తెలుసునా నీకు? ముట్టైనోళ్ళు, మైల ఉండేవాళ్ళు, చెడ్డ కన్ను ఉండేవాళ్ళు. లోపల తిరిగే ఆడదాన్ని పంట నడుమ బయట పెడితే, పురుగు ఒప్పని ఆడదంటారు. రేపు ఒక తట్ట పురుగు రోగమొచ్చి పాలు కారి చచ్చినా ఈమె నెత్తినే వేస్తారు. నేను వెయ్యకపోయినా ఊరు వేస్తాది."

"నన్ను బయట పెట్టొద్దప్పా" అంది మునిరత్నమ్మ. ఏడవలేదు. బేరం అడిగినట్టు అడిగింది. "ఇంకో సూది వెయ్యి. గూడు కట్టేదాక ఓర్చుకుంటా."

ఇలాంటి పూట ఇంకొకటి వస్తే, బస్సు అందకపోతే, ఆమె ఓర్చుకోదని డాక్టరుకు తెలుసు. ఆ సంగతి చెబితే భయపడతారు, భయపడినా మళ్ళీ పనిలోకి పోతారని కూడా తెలుసు. ఎప్పుడూ నాలుక చివర మాట ఉండే మనిషి అరచేయి రుద్దుకుంటూ పెరట్లో అటూ ఇటూ చూశాడు. దూరంగా కంచె మీద తన కోటు వేలాడుతోంది. చిక్కమ్మ దాన్ని చేత్తో ముట్టకుండా కర్రతో ఎత్తి అక్కడ వేసింది. కానీ ఆ కోటును ఎవరూ తిట్టలేదు. ఎవరూ అనుమానించలేదు. వాసన ఉందని దూరంగా పెట్టారు, అంతే.

హనుమంతరాయ కంచె దగ్గరికి పోయి కూర్చున్నాడు. సంచీలోంచి నీలగిరి తైలం తీసి ఒక చిన్న సీసాలో సగానికి పోశాడు. కర్పూరం నలిపి వేశాడు. బిరడా పెట్టి బాగా కుదిపాడు.

"ఇది గట్టి మందు" అన్నాడు తిరిగి వచ్చి. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాయాల. ఒంటికి కాదు, చేతులకు కాదు. కొంగు చివర మాత్రం. ఒక్క పూట తప్పకూడదు."

చిక్కమ్మ బిరడా తీసి, తల వెనక్కి విరుచుకుంది.

"థూ! ఈ గబ్బుతో పురుగింట్లోకి ఎట్ల పోతాది?"

"పోదు. మందు వాసన కదా. ఏం చేస్తాము?"

"ఎన్నాళ్ళు?"

"ప్రతి పంటకూ. నాలుగో జ్వరం లేసిన పొద్దు నుంచి గూళ్ళు మార్కెట్టుకు పోయేదాక. తోటలో ఆకు కొయ్యొచ్చు, ఆడ గాలికి వాసన నిలవదు. మోసేది గంగప్ప."

చిక్కమ్మ సీసాను చూసింది. కోడలిని చూసింది. తర్వాత డాక్టరు ముఖంలోకి చాలాసేపు చూసింది. పేరుకు చిక్కమ్మ గాని, ఆమె మనసులో ఏముందో ఎవరికీ చిక్కేది కాదు. సీసా మెడకు ఒక దారం కట్టి కోడలి చేతికి ఇచ్చింది.

తిరుగు బస్సులో మునికృష్ణప్ప నవ్వు ముఖంతో వచ్చాడు. "పనుబ్బసం చూసొచ్చినారా సార్?"

"అట్లాంటి రోగం లేదు మునికృష్ణప్పా" అన్నాడు డాక్టరు, తన గొంతంతా పెట్టి. "తెలియక వాగినాను. ఆ పిల్లకుండేది నిజమైన దమ్ము. పని ఎగ్గొట్టేది కాదు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిరిగి అనలేదు. నవ్వు లేని మాట బస్సులో ఎక్కువ దూరం పోదని ఆయనకు ఆ పూట తెలిసింది.

*

ఆ తర్వాత రోజూ తొలి బస్సు వచ్చినప్పుడల్లా ఆయన చేతిలో పని ఆపి గుమ్మం వైపు చూసేవాడు. పిళ్ళప్ప అడగకుండానే సిరంజి మరిగించి పెట్టేవాడు. బస్సులోంచి జ్వరాలు దిగాయి, గజ్జి దిగింది, కాలికి ముల్లు విరిగిన వాడొకడు దిగాడు. సాదలి వాళ్ళు మాత్రం దిగలేదు. బాగుండి రాలేదో, రాలేక రాలేదో తెలిసే దారి లేదు. మాటలు తగ్గిపోయాయి. బెంచీ కూడా గమనించింది. డాక్టరుకే ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

చిక్కమ్మ వచ్చిన రోజు శ్రీరామయ్య కట్టు మార్పించుకోవడానికి బెంచీ మీదే ఉన్నాడు.

"ఏం చిక్కమ్మా, ఒక్కదానివే వస్తివి? కోడలు పనుబ్బసంతో పండుకునెనా?" అన్నాడు.

బెంచీ నవ్వింది. చిక్కమ్మ నేరుగా లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. దారంతో వేలాడుతున్న ఖాళీ సీసాను బల్ల మీద పెట్టింది.

"ఎట్ల ఉండాది?" అన్నాడు డాక్టరు. ఆయన గొంతు బెంచీ దాకా పోలేదు.

"కొంగుకు రాసిన మందు రొమ్ముకు ఎట్ల పట్టుతాదప్పా?"

ఎవరికీ చిక్కని చిక్కమ్మకు హనుమంతరాయ చిక్కాడు. "చూడు చిక్కమ్మా, దాంట్లో..."

"చెప్పొద్దు!" ఆమె చేయి అడ్డం పెట్టింది, ఆ రోజు గుమ్మంలో పెట్టినట్టే. "చెప్పినావంటే నాకు తెలిసినట్లైపోతాది. తెలిసినాక, ఊర్లో ఎవరన్నా అడిగితే నేను ఏమని చెప్పేది?"

డాక్టరు ఆమె వైపు స్టూలు జరిపాడు.

"పురుగు సద్దు వినే, అది బాగుండేదీ లేనిదీ చెప్పే చెవులప్పా ఇవి" అంది ఆమె మెల్లగా. "ఇన్ని పంటలు ఆ పిల్ల ఈల కూడా విన్నాను. పురుగు సద్దు మీదనే పెట్టినాను మనసు. ఇప్పుడు పురుగు మేసే సద్దు ఒక్కటే వినపడతాండాది. పిల్ల చప్పరం కింద పండుకుంటే పొద్దు పొడిచేదాక లేసేది లేదు. తట్టలు నేనూ గంగప్పా దులుపుతాండాము. నా నడుము విరిగె."

"నడుముకు మందు ఇయ్యనా?"

"వాసన రాంది ఉంటే ఇయ్యి." ఆమె ఖాళీ సీసాను ముందుకు తోసింది. "ఇది చిన్నదైపోయె. వాసన మా గోడ దాటేది లేదు. పక్కింటామె వచ్చి, కోడలు బయట ఎందుకుండాదని అడిగె. అడిగే పని ఉండకూడదప్పా. ముక్కుకే తెలిసిపోవాల. పెద్ద సీసా ఇయ్యి. నిండా పొయ్యి."

హనుమంతరాయ పెద్ద సీసా తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి సీసా మూతి దాకా నింపాడు. కొంచెం బల్ల మీద ఒలికింది. బిరడా చుట్టూ కూడా కారింది. చిక్కమ్మ దాన్ని తుడవనివ్వలేదు. దారం కట్టి, ఒంటికి దూరంగా చేయి చాచి పట్టుకుని తలుపు తెరిచింది.

బెంచీ మొత్తం ముక్కు మూసుకుంది.

"ఏం మందమ్మా అది, ఊరు లేపేస్తాండాది!" అన్నాడు శ్రీరామయ్య కట్టు మీంచి.

"మా కోడలి మందు" అంది చిక్కమ్మ, డాక్టరుకు ఏమాత్రం తీసిపోని గొంతుతో. "ఆ పిల్లకు దమ్ము ఉండాది. దుమ్ము పడితే చచ్చిపోయేంత దమ్ము. అంత పెట్టుకొని గూడా నా తట్టలన్నీ దులిపె. గడ్డం కింద గడ్డ కోస్తే బజారంతా వినపడేటట్ల అరిచినోడివి, నువ్వు నవ్వుతావా ఆ పిల్లను?"

లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. డాక్టరు తిరిగి చూశాడు. పిళ్ళప్ప పళ్ళెం జారవిడిచి, గోడ వైపు తిరిగి, భుజాలు కదిలేటట్టు నవ్వుతున్నాడు.

సాదలి బస్సు బజారు మొదట్లో ఆగి ఉంది. చిక్కమ్మ ఎక్కింది. లోపల గొడవ మొదలైంది. "ఏందమ్మా ఆ గబ్బు!" అని మునికృష్ణప్ప అరవడం ఆస్పత్రి గుమ్మం దాకా వినిపించింది. సాయంత్రం తిరిగి పురుగింట్లో అడుగు పెట్టవలసిన మనిషి కదా, ఆమె కూడా దాన్ని ఒళ్ళో పెట్టుకోలేదు. కాసేపటికి కిటికీలోంచి ఒక చేయి బయటికి వచ్చింది. దారం చివర సీసా ఎండలో మెరుస్తూ ఊగింది.

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ చేయి లోపలికి పోలేదు. హనుమంతరాయ గుమ్మంలోనే నిలబడ్డాడు. బజారు వీధిలో బెల్లం వాసన మీద నీలగిరి వాసన ఇంకా కొంచెంసేపు నిలిచింది.